మా మేడమ్ జంతువూ, వాళ్లమ్మ పేరూ

మేడమ్ పోయారన్న సంగతి నాకు యాదమ్మ చెప్పింది. యాదమ్మ ముప్పై ఏళ్లకి పైగా మేడమ్ ఇంట్లో వంటా పనీ చూసుకునే మనిషి. పొద్దున్నే ఆరున్నరకి ఫోన్ చేసి, "అక్కా, అమ్మ లేస్తలేదు. చాయ్ సల్లగైపోయింది. జెర జల్ది రా," అంది. ఏడవలేదు. నేను యాప్రాల్ నుంచి ఆటోలో సైనిక్‌పురి చేరేసరికి ఎదురింటి డాక్టరుగారు వచ్చి, చూసి, వెళ్లిపోయారు కూడా. నిద్రలోనే పోయారట. ఎనభై మూడేళ్లు. మంచం పక్క స్టూలు మీద కళ్లద్దాలు, భూతద్దం, బైబిలు, మూతపెట్టిన టీ గ్లాసు. నేను మంచం పట్టె మీద కూర్చుని, ఎందుకో నాకే తెలీదు, ఆ చల్లారిన టీ తాగేశాను. అది చూశాక యాదమ్మకి ఏడుపొచ్చింది.

పదింటికల్లా మా పాత స్టూడెంట్ల వాట్సాప్ గ్రూపులో దండలూ దీపాలూ మొదలయ్యాయి. ఎవరో మహానుభావురాలు "మన డైనోసార్ మేడమ్ ఇక లేరు" అని పెట్టింది. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నాకు ఒళ్లు మండింది. "ఆవిడ జన్మలో ఒక్క డైనోసార్ ఎముక ముట్టుకోలేదు తల్లీ" అని టైప్ చేసి, శవం పక్కన కూర్చుని ఈ తగువేంటని మళ్లీ తుడిపేశాను. అప్పుడు మింగేసిన మాట ఇప్పుడు తీరిగ్గా చెబుతున్నాను. చదివేవాళ్లు ఓపిక పట్టాలి.

మేడమ్ బతికుండగా ఎవరైనా డైనోసార్ అంటే ఊరుకునేవారు కాదు. "అవి గుడ్లు పెట్టేవి. నాది పిల్లకి పాలిచ్చి పెంచిన తల్లి. కాస్త మర్యాదగా మాట్లాడండి," అనేవారు.

ఆవిడ జంతువు పేరు గ్లిప్టోడాంట్. దక్షిణ అమెరికాలో ఉండేది, వేల ఏళ్ల కిందట అంతరించిపోయింది. అంబాసిడర్ కారంత ఒళ్లు, దాని మీద బోర్లించిన పెద్ద డొప్ప. చూడ్డానికి తాబేలంటారు గాని తాబేలుకీ దానికీ చుట్టరికం లేదు. మన అలుగు కూడా కాదు. అలుగు పొలుసులు మన గోళ్లలాంటివి, మట్టిలో కలిసిపోతాయి. దీని డొప్ప నిఖార్సైన ఎముక. వందల కొద్దీ ఎముక బిళ్లలు పక్కపక్కన అతుక్కుని డొప్ప అవుతుంది. ఒక్కో బిళ్ల మీదా ఒక పువ్వు ఉంటుంది. నడుమ ఒక గుండ్రం, చుట్టూ చిన్న గుండ్రాలు. జంతువు చచ్చి, డొప్ప చెదిరిపోయాక తవ్వకాల్లో దొరికేవి ఎక్కువగా ఆ బిళ్లలే. బిళ్లని చేత్తో పట్టుకుని ఇది ఏ జంతువుదో చెప్పడం మేడమ్ విద్య.

సికింద్రాబాదులో లెక్చరర్ ఉద్యోగం చేసుకునే మనిషికి ఆ విద్య ఎలా పట్టుబడిందంటే, అంతా మేడమ్ వాళ్లాయన, మా సారు పుణ్యం. ఆయన మిలటరీలో ఉండేవారు. నలభై ఏళ్ల కిందట అర్జెంటీనాలో మన ఎంబసీకి మూడేళ్ల పోస్టింగ్ పడింది. మేడమ్ కాలేజీకి సెలవు పెట్టి వెంట వెళ్లారు. మిగతా ఆఫీసర్ల భార్యలు విందులకి వెళ్తుంటే, ఈవిడ అక్కడి మ్యూజియానికి వెళ్లి, "నేను జువాలజీ చదువుకున్నాను, జీతం వద్దు, ఏదైనా పనివ్వండి," అని అడిగారట. భాష సరిగ్గా రాదు. కట్టుకున్నది నేత చీర. వాళ్లకి ఏం చెయ్యాలో తోచక, ఎవరికీ పట్టని ఒక సొరుగు లాగి చూపించారు. ఏదో వాగు ఒడ్డున దొరికిన చిన్న చిన్న బిళ్లలు, పధ్నాలుగు. ఆ మూడేళ్లూ ఆ సొరుగుతోనే కాపురం చేశానని మేడమ్ అనేవారు. సారు నవ్వుతూ అవునన్నట్టు తలాడించేవారట.

చివరికి ఆవిడ తేల్చిందేమిటంటే, ఆ బిళ్లలు తెలిసిన ఏ జాతివీ కావు, ఇదొక కొత్త జాతి, పెద్ద కుక్కంత ఉండేది అని. వ్యాసం అచ్చయింది. కొత్త జాతిని కనిపెట్టిన వాళ్లకే దానికి పేరు పెట్టే హక్కు. మేడమ్ వాళ్లమ్మ పేరు పెట్టారు. వాళ్లమ్మ సువార్తమ్మ. నరసాపురంలో మిషన్ హాస్టల్లో వంట చేసేది. బైబిలు చదవడం కోసం నడివయసులో అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకుంది. ఆ పేరుకి లాటిన్ పద్ధతిలో చివర కాస్త మార్చి 'సువార్తే' అని పెట్టి, మేడమ్ సంతోషంగా ఇంటికి ఉత్తరం రాశారు. సువార్తమ్మ గారి జవాబు మేడమ్ నాకు చాలాసార్లు చెప్పారు. "జంతువుకి నా పేరెందుకే? మంచి పేరేదీ దొరకలేదా? సరేలే, అది ఒకరిని కరిచే రకం కాకపోతే చాలు."

నేను మేడమ్ దగ్గర డిగ్రీ చదివాను. మాది ఏలూరు వైపు. నాన్న రైల్వేలో గుమాస్తా, మేం పుట్టి పెరిగిందంతా సికింద్రాబాదే. మొదటి రోజు క్లాసులో మేడమ్ ఒక బిస్కెట్ డబ్బా తెచ్చి టేబుల్ మీద పెట్టారు. మ్యూజియం వాళ్లు ఆ పధ్నాలుగు బిళ్లలకీ ప్లాస్టర్‌తో తీసిచ్చిన నకళ్లు అందులో ఉండేవి. ఒకటి తీసి నా చేతిలో పెట్టి, "ఏమిటిది?" అన్నారు. "బిస్కెట్టు," అన్నాను. క్లాసంతా నవ్వింది, ఆవిడ నవ్వలేదు. "చిన్నది ఏది దొరికినా రెండు ప్రశ్నలు వెయ్యాలి. ఇది చిన్న జంతువా, లేక పెద్ద జంతువుకి పిల్లా? మొదటి ప్రశ్న అందరూ వేస్తారు. రెండోది వేసేవాళ్లు నాకు కావాలి," అన్నారు. ఆ ముక్క రిటైరయ్యేదాకా ప్రతి కొత్త క్లాసుకీ చెప్పారు. నేను లెక్చరర్‌నయ్యాక నా క్లాసులో నేనూ అదే చెబుతున్నాను, నా సొంత మాటలాగే.

ఆ రెండో ప్రశ్నకి జవాబు వెతకడం నాకు ఆవిడ మటన్ కూరతో నేర్పారు. ఆదివారం ఆరాధన అయ్యాక తరచూ నన్ను భోజనానికి తీసుకెళ్లేవారు. మూలుగ పీల్చేశాక ఆ ఎముకని నా కంచం అంచున పెట్టి, "వయసెంతే?" అనేవారు. లేత మేక ఎముకకి చివరనుండే గుబ్బ ఇంకా అతుక్కుని ఉండదు, ఉడికితే ఊడి చేతికొస్తుంది. ముదురుదైతే ఎంత ఉడికినా ఊడదు. ఒకసారి మటన్ కొట్టు భాయ్ లేతదని చెప్పి ముదురుది అంటగట్టాడు. మేడమ్ ఆ ఎముకని కడిగి, కవర్లో వేసి, యాదమ్మ చేత కొట్టుకి పంపించారు. మూడేళ్లు దాటిన పొట్టేలిది, చివర చూసుకో అని.

యాదమ్మ తిరిగొచ్చి, "అమ్మా, వండుకొని తిన్నంక వాపస్ గిట్ల ఉండదంటుండు. నన్ను పిచ్చిదాన్ని సూసినట్టు సూస్తుండ్రు ఆడ అందరు. ఇంకోపారి బొక్కలిచ్చి నన్ను తోలకు," అని గట్టిగానే చెప్పింది. కానీ ఆ మరుసటి వారం నుంచి భాయ్ ముందు ఎముక చివర చూపించి తర్వాత తూకం వేసేవాడు. ఆ వీధిలో అందరికీ లేత మాంసం తినిపించిన ఘనత మేడమ్‌దేనని నేను అనేదాన్ని. ఆవిడకి ఆ మాట ఇష్టం.

సారు పోయాక మేడమ్ ఒంటరిగానే ఉన్నారు. పిల్లలు లేరు. డెబ్బై ఐదు దాటాక కంటి నడుమ మచ్చ పడి చదవడం కష్టమైంది. కంప్యూటర్ మీద అక్షరాలు అసలు కనపడేవి కావు. ఆవిడ మెయిల్స్ నా ఫోన్‌కి వచ్చేట్టు పెట్టి, శనివారం శనివారం వెళ్లి చదివి వినిపించి, ఆవిడ చెప్పిన జవాబు నేను టైప్ చేసేదాన్ని. అన్నిట్లోకీ ఎక్కువ ఆ మ్యూజియం నుంచి వచ్చేవి. అక్కడ పాతవాళ్లంతా రిటైరైపోయారు. కొత్తగా చేరిన ఒక అమ్మాయి మాత్రం ఈవిడంటే ప్రాణం పెట్టి, ప్రతి చిన్నదానికీ సలహా అడిగేది. ఆ శనివారాల్లో టీ మాత్రం యాదమ్మని పెట్టనివ్వకుండా మేడమే పెట్టేవారు. అది పరమ దరిద్రంగా ఉండేది.

ఆరేళ్ల కిందట ఒక గురువారం నాడు ఆ అమ్మాయి నుంచి పెద్ద మెయిల్ వచ్చింది. నేను మా ఇంట్లో కూర నరుక్కుంటూ తెరిచాను. అక్కడ ఒక ఏటి ఒడ్డున గ్లిప్టోడాంట్ పిల్ల దొరికిందట. చెదరకుండా. తల, పళ్లు, వెనక కాలు, సగం డొప్ప ఎక్కడివక్కడే ఉన్నాయి. పాతిక దాకా ఫోటోలు పెట్టింది. పన్ను చూస్తే నాకే తెలిసిపోయింది, అది అందరికీ తెలిసిన పెద్ద జాతి. తొడ ఎముక గుబ్బ విడిగా పడి ఉంది, అంటే పిల్ల. తర్వాత డొప్ప ఫోటో తెరిచాను. ఆ బిళ్లల్ని నేను డిగ్రీ రోజుల నుంచీ చూస్తున్నాను. పల్చగా, పువ్వు సగం సగమే పడి, అంచులు గరుగ్గా. మెయిల్ చివర ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా, "మీ సువార్తే బిళ్లలకి దగ్గరగా ఉన్నట్టు అనిపిస్తోంది. మీ అభిప్రాయం తెలుసుకోవాలి," అని రాసింది.

దగ్గరగా ఏమిటి, అవే. మేడమ్ తన వ్యాసంలో ఆ బిళ్లల అంచుల గురించి, వాగు నీళ్లలో దొర్లి అరిగిపోయాయి అని రాశారు. అవి అరగలేదు. ఇంకా పక్కదానితో అతుక్కునే వయసు రాలేదు, అంతే. ప్రతి క్లాసుకీ రెండో ప్రశ్న నేర్పిన మనిషి, కంచంలో ఎముక చూసి పొట్టేలు వయసు చెప్పిన మనిషి, తన సొంత సొరుగులో ఉన్నది పిల్లేమో అన్న అనుమానానికి జవాబు అరుగుదల అని చెప్పుకుని ముందుకెళ్లిపోయారు. మేడమ్‌ది కుక్కంత కొత్త జాతి కాదు. కారంత పాత జాతికి పసిబిడ్డ. అదే నిజమైతే సువార్తే అనే జంతువు లేదు. సువార్తమ్మ గారి పేరు పాత పట్టికల్లో ఓ మూల పడి ఉంటుంది గాని, ఇక ఎవరూ వాడరు. నాకు కూర నరకబుద్ధి కాలేదు.

శనివారం వెళ్లాను. మేడమ్ స్నానానికి వెళ్లినప్పుడు బిస్కెట్ డబ్బా తీసి, ఫోన్‌లో ఫోటో పెద్దది చేసి, ఒక్కో నకలూ పక్కన పెట్టి చూశాను. పధ్నాలుగింటికి పధ్నాలుగూ కలిశాయి. మేడమ్ వచ్చి కూర్చుని, "ఏమున్నాయే ఈ వారం?" అన్నారు. "ఏం లేవు మేడమ్. ఏదో పెన్షన్ వాళ్లది," అన్నాను. మరుసటి శనివారమూ అదే అన్నాను. అబద్ధాలు నాకు కొత్త కాదు. ఆవిడ దగ్గర ఆడటమే కొత్త.

మూడో శనివారం ఆవిడ టీ గ్లాసు నా ముందు పెట్టి, తను కూర్చోకుండా నిలబడ్డారు.

"అర్జెంటీనా మునిగిపోయిందా ఏమిటే?"

"లేదే మేడమ్. ఎందుకు?"

"వారానికి రెండు ఉత్తరాలు రాసే పిల్ల మూడు వారాల నుంచి ఉలుకూ పలుకూ లేదు. నువ్వేమో వచ్చిన ప్రతిసారీ టీ బాగుందంటున్నావు. నా టీ ఎన్నడూ బాగుండదు. ఏం దాస్తున్నావో చెప్పు."

చెప్పాను. మెయిల్ చదివాను. ఫోటోలు ఆవిడకి కనపడవు గనక, ఒక్కోటీ నోటితో చెప్పాను. పన్ను చెప్పాను, తొడ ఎముక చెప్పాను. డొప్ప దగ్గరికొచ్చేసరికి ఫోన్ పక్కన పెట్టేశాను. ఆవిడ ఊరుకోలేదు.

"అంచు చెప్పు. నున్నగా ఉందా, గరుగ్గా ఉందా?"

"గరుగ్గా, మేడమ్. సన్న సన్న రంధ్రాలు. స్పాంజిలా."

"ఒక్క బిళ్లదా, అన్నిటిదా?"

"అన్నిటిదీ."

డబ్బా తెమ్మన్నారు. ఒక నకలు తీసి, కళ్లు మూసుకుని, బొటనవేలితో అంచంతా చుట్టూ తడిమారు. ఇంకోటి తీశారు. ఇంకోటి. పధ్నాలుగూ అయ్యేదాకా నేను కదల్లేదు. "పెరగాల్సినదాన్ని అరిగిపోయిందనుకున్నానే," అన్నారు చివరికి. మెల్లగానే అన్నారు. వంటింట్లోంచి యాదమ్మ వచ్చి, "ఏమైందక్కా? అమ్మ అట్ల కూసుందేంది? బువ్వ పెట్టనా?" అంది. మేడమ్ ఆ పూట అన్నం తినలేదు. నన్ను ఇంటికి వెళ్లమన్నారు. రెండు వారాలు దాచినందుకు ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే నాకు బాగుండేది.

బుధవారం ఫోన్ చేసి రమ్మన్నారు. వెళ్తే టేబుల్ మీద తెల్ల కాగితాలు, పెన్ను పెట్టి ఉన్నాయి. "సువార్తే ప్రత్యేక జాతి కాదు, పెద్ద జాతి పిల్లే అని వ్యాసం రాయాలి. నువ్వు రాస్తున్నావు. ఆ అమ్మాయిని కలుపుకో. నా పేరు ఉండకూడదు," అన్నారు.

"నేను రాయను," అన్నాను.

"ఎందుకు రాయవు?"

"మీరే రాసుకోండి. మీ తప్పు మీరు దిద్దుకుంటే అందరూ మెచ్చుకుంటారు. లేకపోతే ఆ అమ్మాయి రాసుకుంటుంది."

"ఆ అమ్మాయి రాయదే. ముసలావిడ పోయాక రాద్దాంలే అని మర్యాదకి ఆగుతుంది. అందాకా పిల్లలు తప్పు చదువుకోవాలా? నేను రాస్తే అయ్యో పాపం అంటారు, ఈ వయసులో ఎంత గొప్ప మనసూ అంటారు. నాకా అయ్యో పాపం వద్దు. దాని దగ్గర చదువుకున్నదే దాని తప్పు పట్టుకుంది అనాలి. ఆ మాట కావాలి నాకు."

నాకు కోపం, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి. "మీకేం మేడమ్, మీరు మహా తల్లి. మీ అమ్మగారి పేరు నా చేత్తో కొట్టేయించాలని మీకెలా అనిపిస్తోంది? ఆవిడ పేరు ఉన్నది అదొక్కటే కదా. నా వల్ల కాదు. వేరే స్టూడెంట్‌ని చూసుకోండి," అని బ్యాగు తీసుకుని లేచాను. మా మేడమ్ ముందు నేను గొంతు పెంచడం అదే మొదలు, అదే ఆఖరు.

ఆవిడ నన్ను ఆపలేదు. కూర్చున్నచోటే కూర్చుని చెప్పారు. "మా అమ్మ రేషన్ కార్డులో ఇంట్లో ముగ్గురుంటే నలుగురని పడిందే, ఒకసారి. ఒక మనిషి బియ్యం ఎక్కువొస్తాయి గదా, ఊరుకోమని అందరూ చెప్పారు. మా అమ్మ ఎండలో తాసిల్దారు ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగి దిద్దించుకొచ్చింది. ఎందుకమ్మా అంటే, ఆ కాగితం మీద పైన నా పేరుంది, కింద అబద్ధముంది, రెండూ ఒకే కాగితం మీద ఎలా ఉంటాయే అంది. ఆవిడ ఉంటే ఇప్పుడు నీకంటే ముందు నన్ను కూర్చోబెట్టి రాయించేది."

నేను గుమ్మంలో నిలబడి విన్నాను. చెప్పులు వేసుకుని, మళ్లీ విప్పి, వచ్చి టేబుల్ దగ్గర కూర్చున్నాను.

ఆ వ్యాసం రాయడానికి ఎనిమిది నెలలు పట్టింది. మేడమ్ అంత కఠినంగా దిద్దినవాళ్లు నాకు మళ్లీ తగల్లేదు. నేను చదువుతుంటే చెవొగ్గి వినేవారు. నేను ఎక్కడైనా ఆవిడ తప్పుని మెత్తగా చెబితే, "ఈ వాక్యంలో నామీద జాలి ఉంది, తీసెయ్," అనేవారు. 'గౌరవనీయురాలైన' అన్న ముక్క ఎక్కడ దాచినా పట్టుకునేవారు. "ఎముకకి గౌరవాలు పట్టవే. కొలతలు రాయి." చివరికి నాలుగు పేజీలు మిగిలింది. అచ్చయి వచ్చిన రోజు యాదమ్మ చేత సేమ్యా పాయసం చేయించి, ఎదురింటి డాక్టరుగారింటికి కూడా పంపించారు. విశేషమేమిటని వాళ్లడిగితే, "మా స్టూడెంట్ నా జంతువుని లేకుండా చేసింది, అందుకు," అని చెప్పమన్నారట. యాదమ్మ అంత మాట మోయలేక, "అమ్మ పుట్టినరోజు," అని చెప్పి వచ్చేసింది. ఆ తర్వాత ప్రతి ఏడూ అదే తేదీన డాక్టరుగారు పూలు పంపేవారు, మేడమ్ తీసుకునేవారు.

అప్పటి నుంచి ఎవరొచ్చినా నన్ను అలాగే పరిచయం చేసేవారు. పాస్టరుగారు ప్రార్థనకి వస్తే, "అయ్యగారూ, ముప్పై ఏళ్లకి పైగా పెంచుకున్న నా జంతువుని చంపింది ఈ పిల్లే," అన్నారు. ఆయన కుక్కనో పిల్లినో అనుకుని, నా కోసం పశ్చాత్తాప ప్రార్థన చేశారు. మేం ఇద్దరం తల వంచుకుని, నవ్వు ఆపుకోలేక చచ్చాం. నాకు యాభై ఏళ్లొచ్చినా ఆవిడకి నేను పిల్లనే. ఆ మాట ఇప్పుడు అనేవాళ్లెవరూ లేరు.

ఆవిడ నవ్వించారు గనక, సరిపెట్టేసుకున్నారని నేననుకున్నాను. నిరుడు చలికాలం కాప్రా చెరువు వైపు నడకకి వెళ్లాం. చూపు బాగా తగ్గి నా చెయ్యి పట్టుకుని నడుస్తున్నారు. ఏదో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, "ఆ సొరుగులో బిళ్లల పక్కన పెట్టిన పేరు చీటీ నా చేత్తో రాశానే. ఇప్పుడు మార్చేసుంటారు," అన్నారు. "మార్చి ఉంటారు మేడమ్," అన్నాను. "కనుక్కోమంటారా?" అని అడిగాను. చాలాసేపు నడిచాక, "వద్దు," అన్నారు. తర్వాత కాల్చిన మొక్కజొన్న పొత్తు కొనిపెట్టమన్నారు, పళ్లు లేకపోయినా గింజలు వలిచి పెడితే తింటానన్నారు. నేను వలిచి పెడుతూ ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను. వ్యాసం నాది. ఆ చీటీ మార్పించింది నేనే. అమ్మ పేరు అక్కడ లేకుండా పోయిందన్న ఆ చిన్న బాధ ఆవిడ లోపల ఉంది, నేను తీర్చలేను. నాకు దిగులంతా అదే, ఆవిడ పోయిన రోజున కూడా అదే.

సమాధి అయ్యాక వచ్చిన శనివారం, అలవాటు కొద్దీ నేను సైనిక్‌పురి వెళ్లాను. యాదమ్మ ఇల్లు ఊడ్చి తాళం వెయ్యబోతూ నన్ను చూసి మళ్లీ తలుపు తీసింది. మేడమ్ కుర్చీ ఖాళీగా ఉన్నా, నా కుర్చీలోనే నేను కూర్చుని ఆ మ్యూజియం అమ్మాయికి కబురు రాశాను. వద్దనడానికి ఇక ఎవరూ లేరు గనక, చివర ఒక్క ముక్క కలిపాను. ఆవిడ రాసిన పాత చీటీ ఏమైంది, పారేశారా అని.

సోమవారం జవాబొచ్చింది. ఏడ్చానని రాసింది. మేడమ్ పాత చీటీ సిరా వెలిసి, కాగితం పొడుం పొడుం అయిపోయి ఎప్పుడో పోయిందట. అయితే వాళ్ల దగ్గర ఒక నియమం ఉందని చెప్పింది. చీటీ మార్చినప్పుడు ముందువైపు విషయం ఎంత మారినా, పాతదాని వెనకవైపు చేత్తో రాసింది ఏదున్నా కొత్తదాని వెనక ఉన్నదున్నట్టు ఎక్కించాలి, అర్థం కాకపోయినా సరే. "మీ మేడమ్ చీటీ వెనక మాకెవరికీ తెలియని లిపిలో ఒక వరస ఉంది. సొంత విషయమేమోనని ఆవిడని అడగడానికి మాకు మొహమాటమేసింది. చీటీ ఇప్పటికి మూడుసార్లు మారింది. మొదటి రెండుసార్లూ నాకు ముందున్నవాళ్లు ఎక్కించారు. మీ వ్యాసం వచ్చాక జాతి పేరు మార్చినప్పుడు నేను ఎక్కించాను. తప్పులుంటే చెప్పండి. వీలైతే అదేమిటో కూడా," అని రాసి, కింద ఫోటో పెట్టింది.

ముందువైపు పెద్ద జాతి పేరు, దాని పక్కన 'పిల్ల' అని వాళ్ల భాషలో. నా వ్యాసం చెప్పిన ప్రకారమే, సరిగ్గా ఉంది. రెండో ఫోటో వెనకవైపుది. నేను యాదమ్మని పిలిచి, ఫోన్ ఇద్దరి మధ్యా పెట్టుకుని పెద్దది చేశాను. తెలుగు. తెలుగు రాని చెయ్యి, బొమ్మ చూసి బొమ్మ వేసినట్టు గీసిన తెలుగు. తలకట్లు అక్షరాల నుంచి విడిపోయి పైన నిలబడి ఉన్నాయి. వార్త దగ్గర కింద వత్తు ఎటు తిప్పాలో తెలియక పెన్ను ఆగిపోయి, అక్కడ సిరా కాస్త ముద్దయింది. చివరి సున్నా మిగతా అక్షరాలన్నిటికంటే పెద్దగా, గుండ్రంగా, జాగ్రత్తగా ఉంది. 'మా అమ్మ సువార్తమ్మ, నరసాపురం.' అది ఎవరి అమ్మో, ఏ ఊరో తెలియకుండా, ఆ పిల్ల ఒక్క గీత కూడా వదలకుండా రాసింది.